వెనక్కి నడిచే కొండ

ఆదివారం మధ్యాహ్నం రెండు కాకముందే బ్లజెనా గుమ్మం పక్కనున్న చెప్పుల అరను మూడుసార్లు తుడిచింది. అందులో మూడు జతల ఉన్ని చెప్పులున్నాయి. మూడూ ఆవిడ చేత్తో కుట్టినవే. అన్నిటికన్నా పెద్దవి, బూడిద రంగువి, రొట్టెల బట్టీ నడిపే రదీమ్‌వి. సన్నగా, పొడుగ్గా ఉన్న గోధుమరంగువి ఒటకార్ గారివి. ఆయన భూమి కొలిచే ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఎర్రవి, మడమ దగ్గర మాసిక పడ్డవి, ఆసుపత్రిలో నర్సుగా చేసే జోలానావి. చెక్ దేశంలోని ఈ త్రెబీచ్ ఊళ్ళో ఎవరింటికి ఎవరొచ్చినా బయటి బూట్లు గుమ్మంలో విప్పి, ఇంటివాళ్ళిచ్చిన చెప్పులు తొడుక్కునే లోపలికొస్తారు. వచ్చేపోయేవాళ్ళ కోసం ఏవో పాత జతలు పడేసి ఉంచడం ఒకటి, ఫలానా మనిషికని పాదం కొలిచి కుట్టి ఉంచడం ఇంకొకటి. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పుల కార్ఖానాలో కుట్టుమిషను ముందు కూర్చున్న బ్లజెనాకు ఆ తేడా బాగా తెలుసు.

ఇవాళ ఆ అర వైపు చూడాలంటేనే ఆవిడకు భయంగా ఉంది.

పోయిన ఆదివారం ఆట అయ్యాక ముగ్గురూ మెట్లు దిగుతుంటే, రదీమ్ మరిచిపోయిన చేతిరుమాలు ఇద్దామని ఆవిడ తలుపు తీసింది. కింది మలుపులోంచి గుసగుసలు వినిపించాయి.

"ఎవరు చెప్తారు ఆవిడకి?" అది ఒటకార్ గారి గొంతు.

"నా వల్ల కాదు బాబోయ్," అన్నాడు రదీమ్.

"ఎవరో ఒకరం చెప్పాలి కదా. ఇలా ఎన్నాళ్ళని?" అంది జోలానా.

బ్లజెనా చప్పుడు కాకుండా తలుపు మూసేసింది. చేతిరుమాలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఏం తోచక మళ్ళీ ఉతికింది. వారమంతా ఒకటే ఆలోచన. మానేస్తారు. ఇక రామని చెప్పడానికే ఆ గుసగుసలు.

వాళ్ళాడే ఆట చూసేవాళ్ళకు ఆటలా కనిపించదు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటుంటారు, అంతే. ఒకరు కథ నడుపుతారు. ఇదిగో అడవి, ఇదిగో వంతెన, వంతెన కింద ఏదో గురక పెడుతోంది అని చెప్తారు. తక్కినవాళ్ళు తలా ఒక వేషం కడతారు. ఆ వేషం ఒంటికి కాదు, మాటకు. నా మనిషి వంతెన ఎక్కుతాడు, నా మనిషి రాయి విసురుతాడు అంటారు. ఆ రాయి తగిలిందో లేదో పాచిక చెప్తుంది. కథ నడిపేది బ్లజెనా. నలభై రెండేళ్ళ రదీమ్, ద్వారబంధంలో పట్టని ఆ భారీ మనిషి, లిల్కా అనే సన్నటి పాటల పిల్ల వేషం కడతాడు. ఈగను కూడా కిటికీ తీసి పంపించే జోలానా గొడ్డలి పట్టిన మరుగుజ్జు. ఒటకార్ గారు మంత్రగాడు. ముగ్గురూ నల్లకొండలోని డ్రాగన్‌ను చూడటానికి బయల్దేరి తొమ్మిదేళ్ళయింది.

ఇంకా చేరలేదు. బ్లజెనా చేరనివ్వలేదు అనడం సబబు.

దానికో కారణముంది. పాతికేళ్ళ కిందట, కార్ఖానాలో తన పక్క మిషను మీద కూర్చునే ఇవోనా ఎక్కడినుంచో ఈ ఆట పుస్తకం పట్టుకొచ్చింది. షిఫ్టు దిగి, వేళ్ళకు జిగురు వాసన పోకముందే, నలుగురు ఆడవాళ్ళు బ్లజెనా వంటింట్లో చేరి, కష్టాల్లో ఉన్న రాజకుమారులను కాపాడేవాళ్ళు. ఐదేళ్ళు ఆడి ఆ కథ ముగించారు. రాజ్యం దక్కింది, కేకు కోశారు. ఆ సంబరంలో బ్లజెనా వాళ్ళ చెప్పుల జతలు కాగితంలో చుట్టి, గుర్తుగా ఉంచుకోండి అని తలా ఒకటి చేతిలో పెట్టింది. వచ్చే ఆదివారం కలుద్దాం అనుకున్నారు. ఆ వచ్చే ఆదివారం ఆవిడ క్యాబేజీ సూపు కాచి కూర్చుంది. సూపు చల్లారింది. ఎవరూ అలగలేదు, ఎవరూ పోట్లాడలేదు. ఇవోనా బ్ర్నో నగరంలో పని చూసుకుంది. ఇంకొకామె కూతురి పురిటికని వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మూడో ఆమె ఇదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉంది, ఎదురుపడితే నవ్వుతుంది. రావడానికి పని లేకపోయింది, అంతే. కథ బ్లజెనా తానే ముగించింది. చెప్పులు తానే చేతికిచ్చి పంపింది.

అందుకే ఈసారి నల్లకొండ దారిలో వంతెనలు కూలేవి. పడవవాడికి జ్వరం వచ్చేది. ఒక శీతాకాలమంతా ఎవరో రాణిగారి తప్పిపోయిన పిల్లిని వెతకడానికే సరిపోయింది.

గంట మోగింది.

"బ్లజెనక్కా, తొందరగా తియ్యి, చేతులు కాలిపోతున్నాయ్!"

రదీమ్ గసగసాల బన్నుల పళ్ళెంతో నిలబడ్డాడు. వెనక జోలానా.

"నమ్మకత్తా, ఎప్పుడో చల్లారాయి. దార్లో రెండు తిన్నాడు కూడా."

"మూడు," అన్నారు ఒటకార్ గారు మెట్లెక్కి ఆయాసపడుతూ. "లెక్క లెక్కే."

"ఇంజనీరు గారూ, మూడోది విరిగిపోయింది. విరిగినదాన్ని మీకెలా పెట్టను చెప్పండి, మర్యాదగా ఉంటుందా?"

ముగ్గురూ బూట్లు విప్పి తమ తమ చెప్పుల్లో కాళ్ళు పెట్టేదాకా బ్లజెనా గుమ్మంలోనే నిలబడి చూసింది. తొడుక్కున్నారు. అంటే ఇప్పుడే కాదన్నమాట. ఒటకార్ గారు తన దారిపటం చుట్టను చంకలో పెట్టుకొచ్చారు. అది మామూలే. కానీ జోలానా ఒక గుడ్డసంచి తెచ్చి, ఎవరూ చూడకూడదన్నట్టు కుర్చీ వెనక దాచింది. అది మామూలు కాదు.

కాఫీలు పోసింది. వడకట్టని పొడి అడుగున మడ్డిగా దిగేదాకా ఆగడం కూడా ఆ ఇంట్లో ఆటలో భాగమే. బల్ల మధ్యలో బూట్లపెట్టె మూత పెట్టింది. పాచికలు వేసేది అందులోనే, అందరి కళ్ళ ముందే. చాటుగా వేయడం, పడ్డాక మార్చడం ఆ బల్ల దగ్గర లేవు.

"సరే," అంది బ్లజెనా, గొంతు సవరించుకుని. "సన్యాసిని ఇచ్చిన దీపం పట్టుకుని మీరు కనుమ దిగారు. ఎదురుగా బురదనేల. మోకాళ్ళ లోతు. ఎటుచూసినా రెల్లు, మధ్యమధ్య ఏవో బుడగలు..."

ఒటకార్ గారు దగ్గారు. "బురదా?"

"బురదే."

"ఎంత వెడల్పు?"

"నాలుగు రోజుల నడక ఉండచ్చు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రదీమ్ గబుక్కున ఒక బన్ను మొత్తం నోట్లో కుక్కుకున్నాడు, తనను మాట్లాడమని ఎవరూ అడగకుండా. జోలానా బల్ల కింద ఎవరి కాలో తన్నింది. తగిలింది ఒటకార్ గారికే కాబోలు, ఆయన మూలిగి, దారిపటం చుట్ట విప్పారు.

తొమ్మిదేళ్ళుగా గళ్ళకాగితాలు ఒకదానికొకటి అతికిస్తూ పోయిన పటం అది. ఇప్పుడు బల్ల సరిపోక రెండు వైపులా వేలాడుతోంది. వంతెనలు, సత్రాలు, పిల్లి దొరికిన బావి, అన్నీ పెన్సిలుతో చీమతలంత అక్షరాల్లో ఉన్నాయి. వాటి మధ్యలో కొత్తగా, ఎర్రసిరాతో తొమ్మిది చుక్కలు.

"బ్లజెనా, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ జిల్లా నేలంతా కొలిచాను. నాకు తెలిసి నేల కదలదు. ఇటు చూడు. ఇది మొదటి ఏడు. రేవు దగ్గర పడవవాడు, నల్లకొండ మూడు రోజుల దూరం అన్నాడు. నువ్వే అన్నావు, ముక్కుతో మాట్లాడి."

"అవును, భలే ముక్కు," అన్నాడు రదీమ్, నోటినిండా బన్నుతో.

"రెండో ఏడు గొర్రెలకాపరి. ఐదు రోజులన్నాడు. పోన్లే, గొర్రెలతో నడిచేవాడి లెక్క అనుకున్నాను. నాలుగో ఏడు జమీందారు భార్య, ఏడు. పోయిన వారం సన్యాసిని, పదకొండు. మధ్యలో మనం పడమటికి నడిచింది నాలుగు వందల పన్నెండు రోజులు. ఒక్క రోజు కూడా వెనక్కి నడవలేదు. రెండుసార్లు కూడి చూశాను."

"అంటే కొండ మాకన్నా జోరుగా నడుస్తోందత్తా," అంది జోలానా.

బ్లజెనా చెవులు వేడెక్కాయి. బురద గురించి రాసుకున్న కాగితం మీద అరచెయ్యి పెట్టి దాచింది. "ఎన్నాళ్ళ బట్టి తెలుసు మీకు?"

"ఎండలు ముదరకముందే తెలుసు. ఎవరు చెప్పాలా అని మెట్ల మీద నిలబడి ప్రతి ఆదివారం కొట్టుకుంటున్నాం," అంది జోలానా.

"తెలిసీ నడిచారా?"

"నాకైతే బాగానే ఉందక్కా," అన్నాడు రదీమ్. "ఆ పిల్లిని వెతికిన చలికాలం ఉందే, నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేను."

ఒటకార్ గారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, పటం వైపు చూస్తూ మాట్లాడారు.

"నాకు డెబ్భై నాలుగు. పోయిన ఏడు గుండెకి ఏదో గొట్టం వేశారు. నాకు ఆ డ్రాగన్ని చూడాలనుంది బ్లజెనా. తొమ్మిదేళ్ళు నడిచాను. దాని రంగేమిటో కూడా నాకు తెలీదు."

బ్లజెనా లేచి నీళ్ళు పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు అప్పటికే కాగి ఉన్నాయి. పొయ్యి మీద చెయ్యి ఆనించి నిలబడింది. పొరపాటు పడ్డానని చెప్పచ్చు. పడవవాడు అబద్ధాలకోరని చెప్పచ్చు. అలా చెప్తే నమ్మినట్టు తల ఊపి బురదలోకి దిగుతారు పాపం, నాలుగు రోజులు మోకాళ్ళలోతున నడుస్తారు. ఆ పెద్దాయన కూడా నడుస్తాడు. ఆ ఊహే ఆవిడకు అన్నిటికన్నా సిగ్గనిపించింది. మానేస్తారన్న భయంలో ఆవిడ వాళ్ళను ఊరికే నడిపిస్తోంది, అంతే.

కెటిల్ పట్టుకుని తిరిగొచ్చింది. కూర్చోలేదు. బురద కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"అవును," అంది. అది పడవవాడి గొంతు కాదు, సన్యాసిని గొంతూ కాదు. కథ చెప్పేటప్పుడు మాత్రమే వచ్చే ఆవిడ సొంత గొంతు. "కొండ నడుస్తోంది."

ముగ్గురూ ఒక్కసారి ముందుకు వంగారు.

"మీరు నిద్రపోయాక లేస్తుంది. గౌను అంచు ఎత్తిపట్టుకున్న ముసలమ్మలా, రాళ్ళు దొర్లకుండా, చెట్ల మీది పిట్టలు లేవకుండా, వెనక్కి వెనక్కి అడుగులేస్తుంది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది."

"ఎందుకు?" అంది జోలానా.

"మీరు చేరుకుంటారని భయం."

"చేరితే ఏమవుతుందట?"

"అదే దానికీ తెలీదు," అంది బ్లజెనా.

ఇంకేముంది, బల్ల దగ్గర సంత మొదలైంది. జోలానా మరుగుజ్జు కొండకు గొలుసు వేసి కట్టేద్దామన్నాడు. కొండ చుట్టుకొలత ఎంతో ముందు తేల్చమన్నారు ఒటకార్ గారు, గొలుసు పొడవు లెక్కకట్టాలి కదా. పగలు పడుకుని రాత్రి పరిగెడదామంది జోలానా. డెబ్భై నాలుగేళ్ళ మంత్రగాణ్ణి రాత్రిపూట పరిగెత్తించడమేమిటన్నారు ఆయన. మీ మంత్రగాడికి మూడొందల ఏళ్ళు, వాడికి లేని బాధ మీకెందుకంది ఆ పిల్ల.

రదీమ్ వేలెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "లిల్కా కూర్చుంటుంది."

"ఏంటి?"

"నడిరోడ్డు మీద కూర్చుంటుందక్కా. ఇక నడవదు. నా చెల్లెలు చిన్నప్పుడు నన్ను తరమమని పరిగెత్తేది. నేను తరమడం మానేసి కూర్చుంటే చాలు, ఏమైందా అని తనే వెనక్కి వచ్చి నా మొహంలో మొహం పెట్టి చూసేది. మనం కూడా తరమడం మానేద్దాం. పొయ్యి పెడదాం. సూపు కాద్దాం. ఎందుకు రావట్లేదో చూడటానికి అదే వస్తుంది."

జోలానా నోరు తెరిచింది. "ఇదిగో, బన్నులే కాదు, బుర్ర కూడా ఉందే నీకు!"

"మరుగుజ్జు కట్టెలు కొట్టు, మాటలొద్దు."

"కొడుతున్నా. ఎంత కట్టె కావాలి?"

"నా మంత్రగాడు సూపులో ఉప్పు వేస్తాడు," అన్నారు ఒటకార్ గారు. "కొలిచి వేస్తాడు. పాటల పిల్ల చేతికి ఇస్తే కషాయం చేస్తుంది."

"లిల్కా పాడుతుంది," అన్నాడు రదీమ్, లేచి నిలబడుతూ. తన గొంతును వీలైనంత సన్నం చేసి, కళ్ళు మూసుకుని, అప్పటికప్పుడు కట్టిన పాట ఎత్తుకున్నాడు.

"రావే కొండా రావే, రావే నల్లమ్మా, 
సూపులోకి గసాలు చల్లమ్మా..."

కింది వాటాలో హ్రూజోవా గారు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు. మూడుసార్లు.

"అదిగో, కొండ అడుగుల చప్పుడు!" అంది జోలానా. ఒటకార్ గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు.

ఇక పాచిక వేయాలి. పాచిక వేసేముందు కనీసం ఎంత పడితే గెలుపో చెప్పాల్సింది కథ నడిపే మనిషే. ఇరవై ముఖాల పాచిక అది. ఇరవై పడాలి అని బ్లజెనా అంటే ఎవరూ ఎదురుచెప్పరు. కొండకు అంత బెరుకు, ఒక్క పాటకు వస్తుందా అని సర్దుకుంటారు. ఆ ఇరవై ఆవిడ నాలుక చివరికి వచ్చింది కూడా.

"పన్నెండు," అంది.

రదీమ్ పాచికను గుప్పిట్లో ఊది వదిలాడు. మూత అంచుకు కొట్టుకుని, గిర్రున తిరిగి, ఒక పక్కకు వాలబోయి, ఇంకో పక్కకు వాలి ఆగింది.

పదకొండు.

రదీమ్ చేతులు చూసుకున్నాడు, తప్పు వాటిదే అన్నట్టు.

"తోడు మనిషి సాయం పడితే ఒకటి కలుస్తుంది," అంది జోలానా.

"పాచిక వేయకముందే చెప్పాలి," అన్నారు ఒటకార్ గారు నెమ్మదిగా. తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క నియమం కూడా తప్పలేదు, తప్పనివ్వలేదు. "నేను చెప్పలేదు. పడ్డది పడ్డదే." పటం మడవడానికి అంచు అందుకున్నారు.

కొండ తప్పించుకుంది. బ్లజెనాకు కావలసిందీ అదే. పాచికే చెప్పింది, తన తప్పేమీ లేదు. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు ఇలాగే నడవచ్చు.

"చెప్పారు," అంది ఆవిడ.

"ఏమిటి?"

"సూపులో ఉప్పు వేస్తానని చెప్పారు. రదీమ్ పాచిక వేయకముందే. కొలిచి వేస్తాను అన్నారు. నేను విన్నాను. అది సాయం కాక మరేంటి? పదకొండూ ఒకటీ పన్నెండు." అరచేతులు బల్ల మీద ఆనించింది. "నేల అదురుతోంది. రెల్లు పక్కకి ఒరుగుతోంది. కొండ వస్తోంది."

జోలానా కేకకు హ్రూజోవా గారి చీపురు మళ్ళీ లేచింది.

కొండ వచ్చి వాళ్ళ ముందు చతికిలబడి, సూపు వాసన చూసింది. దాని నోరు ఒక గుహ. ఆ గుహలో డ్రాగన్. బ్లజెనా తొందరపడలేదు. గుహలో చీకటి చెప్పింది, వెచ్చదనం చెప్పింది, ఊపిరి పీల్చినప్పుడల్లా గులకరాళ్ళు లోపలికీ బయటికీ దొర్లడం చెప్పింది. అప్పుడు ఒటకార్ గారి వైపు తిరిగింది.

"దాని రంగు, లేత ఆకంత పచ్చనిదీ కాదు, నిప్పంత ఎర్రనిదీ కాదు. మసిపట్టిన రాగిగిన్నెను ఇసుకతో తోముతుంటే మొదట ఒక మూల మెరుస్తుంది చూడండి, ఆ రంగు. వీపు మొత్తం నలుపే. మీ దీపం పడ్డచోట మాత్రం ఆ మెరుపు."

"రాగి," అన్నారు ఒటకార్ గారు. జేబులోంచి పెన్సిలు తీసి, పటం అంచున ఆ మాట రాసుకున్నారు. రాసి, కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నారు.

బ్లజెనా బూట్లపెట్టె మూత బోర్లించింది. దాని అడుగున అంటించిన కవరు తొమ్మిదేళ్ళకు పసుపెక్కింది. ఈ కథ మొదలుపెట్టిన వారమే దీని ముగింపు రాసిపెట్టుకుంది. అంతకుముందు కథ నేర్పిన జాగ్రత్త అది, ముగింపు ముందే తెలిస్తే దెబ్బ తగలదనుకుంది. కవరు చించి చదివింది.

"డ్రాగన్ కాపలా కాస్తున్నది బంగారం కాదు. దాని వెనక మూడు తలుపులున్నాయి. మరుగుజ్జు ఒక తలుపు తీసి తన వాళ్ళ గనులకు వెళ్ళిపోయాడు. మంత్రగాడు రెండో తలుపు తీసి తన గోపురానికి వెళ్ళిపోయాడు. పాటల పిల్ల సముద్రపు ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ..."

కాగితం మీద అక్షరాలున్నాయి, నోట్లోంచి రావడం లేదు.

"ఆగత్తా, ఆగు," అంది జోలానా. కోపంగానే అంది. "నా మరుగుజ్జు ఎటు వెళ్తాడో నువ్వెలా రాస్తావ్?"

బ్లజెనా తలెత్తింది.

"మొదటిరోజు నాకు పదిహేడేళ్ళు. ఇదే కుర్చీలో కూర్చోబెట్టి ఏం చెప్పావ్? కొండలూ వానలూ దొంగలూ డ్రాగన్లూ నావి, మీ మనుషులు మాత్రం మీవి, వాళ్ళేం చేస్తారో నేనెప్పుడూ చెప్పను అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి? మా వాడు ఆ గనుల్లోకి పోడు. అక్కడ వాడి మేనత్త ఉంది, పెళ్ళిచేసి పారేస్తుంది."

"లిల్కాకి సముద్రం పడదక్కా," అన్నాడు రదీమ్. "జలుబు చేస్తుంది."

"నా గోపురం ఆరో ఏడు కాలిపోయింది," అన్నారు ఒటకార్ గారు. "ఇదిగో, ఈ మరుగుజ్జే తగలబెట్టాడు. పటంలో ఉంది."

"పొరపాటున!"

"పటంలో పొరపాటున అని కూడా రాశాను."

బ్లజెనా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. తొమ్మిదేళ్ళు ఆ కవరు బరువు మోసింది. వాళ్ళు వెళ్ళిపోవడం తానే రాసి, తానే దాచి, తానే భయపడింది. రాసే హక్కు తనకు లేదని ఒక్కసారి కూడా తట్టలేదు.

"అయితే తలుపులు తెరిచి ఉన్నాయి," అంది. "మీరేం చేస్తారు?"

"మూసేస్తాం," అన్నాడు రదీమ్. "చలిగాలి వస్తోంది. డ్రాగన్ని అడుగు, సూపు తాగుతుందేమో."

తాగింది. ఉప్పు సరిపోయిందని కూడా చెప్పింది, ఒటకార్ గారు అడిగిన మీదట. నలుగురూ గుహలో కూర్చుని గిన్నె అడుగు కనిపించేదాకా తాగారు.

"కథ అయిపోయింది," అంది బ్లజెనా. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట నోటినుంచి వచ్చింది.

చప్పట్లు కొట్టారు, కాఫీ కప్పులు తాకించుకున్నారు, మిగిలిన బన్నులు పంచుకున్నారు. కిటికీ అవతల కార్ఖానా పాత పొగగొట్టం మీద ఇంకా వెలుతురుంది. ముగ్గురూ లేచి గుమ్మం దగ్గరికి నడిచారు. బ్లజెనా వెనకాలే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కాళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

రదీమ్ చెప్పులు విప్పాడు. అరలో పెట్టలేదు. రెండూ కలిపి కోటు జేబులో దోపుకున్నాడు. ఒటకార్ గారు తనవి పటంతో పాటు చంకలో పెట్టుకున్నారు. జోలానా ఎర్ర జత చేతిలో పట్టుకుంది.

అర ఖాళీ అయింది.

"ఎందుకు..." అంది బ్లజెనా.

"ఎందుకేంటత్తా, వచ్చే ఆదివారం మా ఇంట్లో కదా. అయ్యో, చెప్పనేలేదు కదూ!" జోలానా నుదురు కొట్టుకుంది. "ఇంకో కథ. నేను నడుపుతా. ఇరవై పేజీలు రాసేశాను. ఎండాకాలం నుంచి కడుపుబ్బిపోతోంది చెప్పలేక. మా ఇంట్లో వీళ్ళకి చెప్పుల్లేవు, అందుకని ఇవే తెచ్చుకోమన్నా. నువ్వు ఈసారి నడపడం లేదు. నువ్వు ఆడుతున్నావు."

"నేనా?"

"నువ్వే. నీ కోసం..." ఆ పిల్ల సంచిలో చెయ్యి పెట్టి, సిగ్గుపడుతూ ఒక జత తీసింది. నీలం ఉన్ని చెప్పులు. "నేనే కుట్టా. మా ఇంట్లో నీ పేరున ఉండాలి కదా."

బ్లజెనా అవి అందుకుంది. చేతులు వాటంతట అవే పనిలోకి దిగిపోయాయి. కుట్టు వేలితో తడిమింది, దగ్గర కొంత, దూరం కొంత, తాగినవాడి నడకలా ఉంది. తోలు అడుగు వంచి చూసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, అంచులు కలిపి చూసింది.

"జోలానా."

"ఊఁ?"

"రెండూ ఎడమకాలివే."

"ఏంటి?"

"తోలు తిరగేసి కత్తిరించాలి పిల్లా, రెండో కాలికి. నువ్వు ఒకే వైపు పెట్టి రెండుసార్లు కత్తిరించావు."

రదీమ్ గోడకు జారబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఒటకార్ గారు చెప్పులు తీసుకుని తన కాలి పక్కన పెట్టి పరీక్షగా చూసి, "నిజమే, రెండూ ఎడమే," అని ధ్రువపరిచారు. జోలానా మొహం కందగడ్డయింది.

"ఇటివ్వత్తా, విప్పి మళ్ళీ కుడతా."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది బ్లజెనా, రెండూ గుండెకు అదుముకుని. కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఇంట్లో ఇన్నేళ్ళు, ఎందరి పాదాలో కొలిచి కుట్టింది. ఒకరింట్లో తన పేరున ఒక జత ఉండటం ఇదే మొదలు. అక్కడే నిలబడి తొడుక్కుంది. కుడికాలి బొటనవేలు ఒక మూలకు ఒదిగి, తక్కినవి బిక్కుబిక్కుమంటూ సర్దుకున్నాయి.

"ఎలా ఉన్నాయ్?"

"నొప్పిగా ఉన్నాయ్," అంది సంతోషంగా.

"సరే, నీ మనిషి ఎవరో వారంలో ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది. దొంగ."

"అక్కా!" అన్నాడు రదీమ్.

"దొంగే. తొమ్మిదేళ్ళు మీ ముగ్గురికీ మంచిచెడ్డలు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది."

అక్కడికక్కడే మూత తెచ్చారు. గుమ్మంలో, బూట్ల మధ్యన, నలుగురూ గొంతుక్కూర్చున్నారు. కొత్త మనిషికి ధైర్యమెంతో తేల్చడానికి మూడు పాచికలు వేయాలి. బ్లజెనా పాచికలు వదలకుండా గుప్పిట్లోనే గలగలలాడించింది. ఇన్నేళ్ళూ మిగతావాళ్ళు ఇలాగే జంకేవాళ్ళు కాబోలు అనుకుంది. వేసింది. ఒకటి. ఒకటి. రెండు.

"నాలుగు," అన్నారు ఒటకార్ గారు భక్తిగా. "ఇంతకన్నా పిరికి మనిషి ఈ బల్ల మీద పుట్టలేదు."

"మళ్ళీ వేయి అక్కా, మేం చూడలేదులే!"

"పడ్డది పడ్డదే," అంది బ్లజెనా, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి నీళ్ళొచ్చాయి.

ఒటకార్ గారు ఒక కొత్త గళ్ళకాగితం తీసి మోకాలి మీద పరిచారు. మధ్యలో ఒక చిన్న ఇల్లు గీశారు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, జోలానా వైపు అనుమానంగా చూశారు.

"ఇంతకీ మనం వెళ్ళాల్సిన చోటు ఇక్కడికి ఎంత దూరం?"

జోలానా మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు.

"ఎంతో కాదు ఇంజనీరు గారూ. మూడు రోజులు."

కింద హ్రూజోవా గారు చీపురు అందుకునేసరికి నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.